కెంక్రేయ నుంచి నంద్యాల దాకా

పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికను చేరవేసింది ఫీబే అనే స్త్రీ అని చాలామంది పండితుల అభిప్రాయం. కొరింథు పక్కనున్న కెంక్రేయ రేవులోని సంఘానికి ఆమె పరిచారకురాలు. ఆ పత్రిక పదహారో అధ్యాయంలో పౌలు పేరుపేరునా వందనాలు చెప్పినవారిలో ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు ఉన్నారు. అందరూ ప్రభువు పనిలో ప్రయాసపడిన స్త్రీలే. అదే పౌలు పేరు మీదున్న మరి రెండు చోట్ల, అంటే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలోను, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలోను, స్త్రీ సంఘంలో మౌనంగా ఉండాలని, పురుషునికి ఉపదేశించకూడదని ఉంది. కొరింథు పత్రికలోనే మూడు అధ్యాయాల ముందు, స్త్రీ ప్రార్థించేటప్పుడూ ప్రవచించేటప్పుడూ తల కప్పుకోవాలన్న మాట ఉంది. ప్రవచించడమంటే నోరు విప్పడమే కదా! గలతీ సంఘాలకు రాసినచోట క్రీస్తులో స్త్రీ పురుష భేదమే లేదన్నాడు. రెండు వేల ఏళ్ల వ్యాఖ్యానం ఈ నాలుగైదు చోట్ల చుట్టూనే తిరిగింది. ఏ తరం ఏ వాక్యాన్ని తాళంచెవిగా పట్టుకుని మిగిలినవాటిని తెరిచిందో చెప్పేదే ఆ చరిత్ర. ఆ తరాలను వరసపెట్టి చూసినప్పుడు నాకు పదేపదే కనబడే సంగతి ఒకటుంది. స్త్రీలు ముందు పనిలోకి దిగారు. ఆ పనికి వాక్యంలో చోటుందని పండితులూ సభలూ ఒప్పుకోవడం తర్వాత జరిగింది, కొన్నిసార్లు శతాబ్దాల తర్వాత.

తొలి సంఘాలు ఇళ్లలో కూడేవి. ఇల్లు స్త్రీ చేతిలో ఉన్న చోటు. ఫిలిప్పీలో ఊదా రంగు పొడి అమ్ముకునే లూదియ ఇల్లు, యెరూషలేములో మార్కు తల్లి మరియ ఇల్లు అలా సంఘాలకు ఆశ్రయమైనవే. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియను పాలించిన రోమా అధికారి ప్లినీ, క్రైస్తవుల ఆరా తీయడానికి ఇద్దరు దాసీలను హింసించి ప్రశ్నించానని చక్రవర్తి త్రాజానుకు నివేదించాడు. వాళ్లు తమ సంఘంలో పరిచారకులుగా పేరున్నవాళ్లని కూడా అతనే రాశాడు. బానిసలు, అందులోనూ స్త్రీలు, సంఘంలో హోదా కలిగి ఉండటాన్ని ఒక పరాయి అధికారి కాగితం మీద పెట్టాడన్నమాట. శతాబ్దం తిరిగేసరికి కార్తేజిలో తెర్తుల్లియన్ హవ్వ తప్పును ప్రతి స్త్రీ మీదా మోపుతూ రాశాడు. నాలుగో శతాబ్దంలో సంఘం ఇళ్లు దాటి రాజాదరణతో పెద్ద పెద్ద కట్టడాల్లోకి వెళ్లింది. అక్కడ రోమా సభామర్యాదే ఆరాధన మర్యాద అయింది, సభలో పురుషులు మాట్లాడతారు, స్త్రీలు వింటారు. అయినా ఆ శతాబ్దం చివర కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రసంగాలు చేసిన యోహాను క్రిసోస్తొము, యూనీయను స్త్రీగానే చదివి, అపొస్తలురాలని పిలిపించుకోదగిన ఆమె జ్ఞానాన్ని మెచ్చుకున్నాడు. అతని ఆప్తురాలు ఒలింపియా ఆ నగరంలో అభిషేకం పొందిన డీకనురాలు. తూర్పు సంఘాల్లో ఆ పదవి చాలాకాలం నిలిచింది. పడమట సన్నగిల్లింది. పదమూడో శతాబ్దానికి రోముకు చెందిన ఎజీదియస్ వంటి వ్యాఖ్యాతలు యూనీయను పురుషుడిగా లెక్కకట్టారు. స్త్రీ అపొస్తలురాలు కావడం అసాధ్యమని ముందే అనుకున్న కంటికి పత్రికలోని స్త్రీ కనబడలేదు.

మధ్యయుగాల కన్యకామఠాలను చీకటి కొట్లుగా చిత్రించడం ఒక అలవాటైపోయింది. అది సగం నిజమే. స్త్రీలు లాటిను నేర్చుకుని, గ్రంథాలు రాసి, వాక్యాన్ని ధ్యానించి మాట్లాడిన చోట్లు కూడా అవే. జర్మనీలో బింగెన్ హిల్డెగార్డ్ (1098–1179) మఠాధ్యక్షురాలై ఊరూరా తిరిగి గురువులకే బోధించింది. పదహారో శతాబ్దపు సంస్కరణోద్యమం విశ్వాసులందరూ యాజకులేనని చాటింది, కానీ మఠాలు మూసేసి, ప్రసంగపీఠాన్ని మాత్రం పురుషులకే ఉంచింది. ఆ సిద్ధాంతం పూర్తి అర్థం బయటపడటానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1666లో ఇంగ్లండులో క్వేకరు నాయకురాలు మార్గరెట్ ఫెల్, లాంకాస్టర్ కోట జైల్లో ఉంటూ, స్త్రీలు సంఘంలో మాట్లాడటాన్ని సమర్థిస్తూ ఒక చిన్న పుస్తకం వేసింది. పునరుత్థాన వార్త మొదట స్త్రీల నోటనే వినబడింది కదా అన్నది ఆమె మొదటి వాదం. కొరింథులో పౌలు ఆపింది అక్కడి అల్లరినే తప్ప ఆత్మ ప్రేరణతో పలికే మాటను కాదన్నది రెండోది. ఆ తర్వాత మూడున్నర శతాబ్దాల్లో వచ్చిన వాదాల్లో చాలావాటి విత్తనం ఆ చిన్న పుస్తకంలో ఉంది.

1711–12 చలికాలంలో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే పల్లెలో జరిగిన ఒక ఘటన దగ్గర కాస్త ఆగాలి. గురువు శామ్యూల్ వెస్లీ లండనులో సభలకు వెళ్లాడు. ఇంట్లో భార్య సుసాన్నా ఆదివారం సాయంత్రాలు పిల్లల్నీ పనివాళ్లనీ కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసి, ప్రసంగాల పుస్తకం చదివి వినిపించేది. పనివాడొకడు తన తల్లిదండ్రుల్ని తీసుకొచ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు, చూస్తుండగానే రెండు వందల మంది పోగయ్యారు. గుడిలో ఆరాధన నడుపుతున్న సహాయ గురువుకు ఇది నచ్చలేదు. ఫిర్యాదు లండనుకు చేరింది, ఆపమని భర్త రాశాడు. ఆమె జవాబు సూటిగా ఉంది. ఆపమని కోరితే సరిపోదు, స్పష్టంగా ఆజ్ఞాపించండి, అప్పుడు తీర్పు దినాన ఆ ఆత్మల లెక్క నేను చెప్పనక్కరలేదు అన్నది దాని సారాంశం. ఆజ్ఞ రాలేదు. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాడిగా ఆ ఇంట్లో ఉన్న జాన్ వెస్లీ తరవాత మెథడిస్టు ఉద్యమం నడిపాడు. 1771లో మేరీ బొసాంకెట్ తన బోధకు అనుమతి కోరుతూ రాసినప్పుడు, ఆమెది అసాధారణ పిలుపని ఒప్పుకున్నాడు. నియమం అలాగే ఉంచి పక్కన ఒక తలుపు తీశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ తలుపులోంచి చాలామంది వచ్చారు. 1819లో నల్లజాతి మెథడిస్టు సంఘంలో జరీనా లీకి బోధించే అనుమతి దొరికింది. ఒబర్లిన్ కళాశాలలో చదివిన ఆంటోనెట్ బ్రౌన్, వివాదంలో ఉన్న ఆ రెండు పత్రికా భాగాలకూ 1849లో స్వయంగా వ్యాఖ్యానం రాసి అచ్చువేయించి, 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న సంఘానికి అభిషిక్త కాపరి అయింది. 1859లో కేథరిన్ బూత్ స్త్రీల పరిచర్యను సమర్థిస్తూ కరపత్రం రాసింది. ఆమె, ఆమె భర్త నిర్మించిన సాల్వేషన్ ఆర్మీలో స్త్రీలు మొదటి నుంచీ అధికారులే.

ఈ గాలి తెలుగు దేశానికి ఎలా వచ్చిందన్నది మనకు దగ్గరి సంగతి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు మోకరించి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. తెలుగువాళ్లలో నెల్లూరు జూలియా అనే స్త్రీ ఉంది. పాతికేళ్లు తిరక్కుండానే, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ కులంలో మతపరమైన అధికారం స్త్రీకి కొత్త కాదు. జాతరల్లో పెద్ద కులాలవారు సైతం తల వంచి దీవెన పొందిన మాతంగి మాదిగ స్త్రీయే. ఈ సంప్రదాయాన్ని దగ్గరగా గమనించి రాసినవారిలో ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ ఒకరు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య అయిన ఆమె 1899లో మాదిగల జీవితం మీద పుస్తకం వెలువరించింది. అంతకు ఏడాది ముందు స్త్రీల హక్కుల తొలి రచయిత్రి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె అధ్యయనం అచ్చయింది. ఈ రెండు పుస్తకాలూ ఒకే మనిషి చేతిలోంచి రావడం నాకు యాదృచ్ఛికం అనిపించదు.

ఆ నేలలోంచే బైబిలు స్త్రీలు వచ్చారు. పరదా చాటునున్న ఇళ్లలోకి మగ బోధకుడు అడుగు పెట్టలేడు. పెద్దవయసు స్త్రీలు యౌవన స్త్రీలకు బోధించాలన్న తీతు పత్రికలోని మాట మిషన్లకు ఆధారమైంది. అలా నియమం చెక్కుచెదరకుండానే వందల ఊళ్లలో స్త్రీలు బోధకులయ్యారు. చేతిలో సువార్త పుస్తకంతో, నోట కీర్తనతో బైబిలు స్త్రీ వాడవాడా తిరిగేది. అక్షరాలు దిద్దించేది, రోగుల దగ్గర ప్రార్థన చేసేది, సమరయ స్త్రీ కథ చెప్పేది. బావి దగ్గర యేసుతో మాట్లాడి ఊరినంతా పిలుచుకొచ్చిన ఆ స్త్రీ కథ, వాడ బావి దగ్గర నిలబడి చెప్పే మనిషి నోట ఎంత బలంగా పలికి ఉంటుందో ఊహించవచ్చు. మాతంగి పొందిన గౌరవానికీ బైబిలు స్త్రీ అధికారానికీ ఉన్న బంధుత్వాన్ని చరిత్రకారుడు జేమ్స్ ఎలీషా తానేటి తెలుగు క్రైస్తవ స్త్రీల మీద రాసిన పుస్తకంలో చూపించారు. గుంటూరులో 1883లో దిగిన డాక్టర్ అన్నా కుగ్లర్ లూథరను మిషనులో వైద్యశాల కట్టింది. 1904లో అదే ఊరికి కతోలిక జె.ఎం.జె. సిస్టర్లు వచ్చారు. దోర్నకల్‌లో 1912 నుంచి బిషప్ అజరయ్య పల్లె గురువులతో పాటు వాళ్ల భార్యలకూ శిక్షణ ఇచ్చి అకుల, ప్రిస్కిల్ల దంపతుల తీరున పంపించారు.

అన్ని సంఘాలూ ఒకే దారి పట్టలేదు. 1836 నుంచి నరసాపురం కేంద్రంగా పెరిగిన గోదావరి డెల్టా బ్రెదరెన్ సంఘాలు, తరవాత బక్త్‌సింగ్ హెబ్రోను సంఘాలు కొరింథు పత్రికను అక్షరాలా పాటించాయి. కూడికలో సహోదరీలు బోధించరు. ఈ పఠనాన్ని వెనకబాటు అని కొట్టిపారేయడం అన్యాయం. వాక్యం చెప్పినది చెప్పినట్టు చేయాలన్న నిష్ఠ దాని వెనక ఉంది, ఆ ఇళ్లలో పిల్లలకు వాక్యం కంఠతా నేర్పింది తల్లులే. నిజానికి తల కప్పుకోమన్న ఆ పత్రిక పదకొండో అధ్యాయం తెలుగు క్రైస్తవుల్లో శాఖాభేదం లేకుండా బతికే ఉంది. ప్రార్థన చేద్దామనగానే గుడి ఏదైనా స్త్రీల చేతులు వాటంతటవే కొంగును తలమీదికి లాగుతాయి. అయితే ఆ అధ్యాయంలో కొంగు కప్పుకుని ప్రవచించే స్త్రీ కూడా ఉంది. కొంగు వరకే పాటించినవాళ్లు ఆమె నోటిని మరిచారని నా విన్నపం.

ఇరవయ్యో శతాబ్దంలో మలుపు చైనాలో వచ్చింది. యుద్ధం వల్ల మకావుకు గురువు వెళ్లే వీల్లేక ప్రభు భోజన సంస్కారం ఆగిపోయే పరిస్థితి ఏర్పడితే, అక్కడ పనిచేస్తున్న డీకనురాలు లీ టిమ్-ఓయిని బిషప్ హాల్ 1944 జనవరి 25న గురువుగా అభిషేకించారు. ఆంగ్లికను చరిత్రలో ఆమే మొదటి స్త్రీ గురువు. యుద్ధం ముగియగానే విమర్శలు చెలరేగాయి, తన బిషప్‌కు ఇబ్బంది కలగకూడదని ఆమె పరిచర్య లైసెన్సు వదులుకుంది, అభిషేకాన్ని వదులుకోలేదు. 1976లో దక్షిణ ఇండియా సంఘం తన మొదటి స్త్రీ గురువుకు అభిషేకం ఇచ్చింది. అదే ఏడాది రోములో పాపుగారి బైబిలు కమిషన్ పండితులు, స్త్రీలు గురువులు కావచ్చా అన్న ప్రశ్నను కొత్త నిబంధన ఒక్కటే శాశ్వతంగా తేల్చలేదన్న అభిప్రాయానికి వచ్చారు. వాటికన్ ప్రకటన మాత్రం యేసు పన్నెండుగురు పురుషులనే ఎన్నుకున్నాడన్న సంప్రదాయం మీద నిలబడింది. 1994లో రెండో జాన్ పాల్ దాన్ని మరింత గట్టిచేశారు. ఇంగ్లండులో స్త్రీలను గురువులుగా ఒప్పుకున్న 1992 ఓటు, 1994 అభిషేకాలు ఈ నడుమే జరిగాయి. మన ఆంధ్ర లూథరను సంఘం 1990ల చివర స్త్రీలను అభిషేకించే నిర్ణయానికి వచ్చింది. దశాబ్దాల ముందే రాజమండ్రి బైబిలు శిక్షణాలయంలో స్త్రీలను తీర్చిదిద్దిన బి.వి. సుబ్బమ్మ వంటివారి శ్రమ దాని వెనక ఉంది.

2013 సెప్టెంబరులో నంద్యాల హోలీక్రాస్ కేథడ్రల్‌లో ఎగ్గోని పుష్పలలిత బిషప్‌గా అభిషిక్తురాలైంది. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి స్త్రీ బిషప్ ఆమే. ఆంగ్లికను సంప్రదాయం చెడుతుందన్న జంకుతో 1947లో ఆ ఐక్య సంఘం ఏర్పడినప్పుడు అందులో చేరకుండా మొదట విడిగా నిలిచిన ప్రాంతం నంద్యాల. అటువంటి చోట ఈ అభిషేకం జరగడం రాయలసీమ క్రైస్తవులకే కాదు, తెలుగువారందరికీ గర్వకారణం. ఆమె స్వగ్రామం ఉమ్మడి కర్నూలు జిల్లాలోదే.

ఈ చరిత్రలో ఒక పెద్ద ఖాళీ ఉంది. ఫీబేకు పౌలు ఉత్తరం దొరికింది, మార్గరెట్ ఫెల్‌కు అచ్చు దొరికింది. మన బైబిలు స్త్రీలలో ఎక్కువమంది మిషను నివేదికల్లో అంకెలుగా, జీతాల పట్టీలుగా, ఎక్కడో ఒక ఒంటి పేరుగా మిగిలారు. పౌలు వాక్యాలను వాళ్లు వాడల్లో ఎలా విప్పి చెప్పారో రాసిపెట్టినది తక్కువ. పాత సంఘాల బీరువాల్లో బాప్తిస్మపు రిజిస్టర్లు, స్త్రీల మైత్రి మినిట్సు పుస్తకాలు, రద్దయిన బైబిలు పాఠశాలల హాజరు పట్టీలు ఇంకా ఉన్నాయి, కొన్ని చెదలు పట్టాయి. కొత్త గుడి కట్టేటప్పుడు పాత కాగితాలు పారేసే ముందు సంఘ పెద్దలు వాటిని ఒక్కసారి తెరిచి చూడాలి, ఇళ్లలో పెద్దమ్మలను కూర్చోబెట్టుకుని వాళ్ల నానమ్మ ఏ ఊళ్లో, ఏ కథతో బోధ మొదలుపెట్టేదో అడిగి రాసుకోవాలి.