రెండో కృష్ణుడొస్తే పలక జరపాల్సిందే

‘వైట్ క్రిస్మస్’ పాట కట్టిన ఇర్వింగ్ బెర్లిన్‌కి పియానో మీద ఒకే ఒక్క శృతి వచ్చట! అదీ నల్లమెట్ల మీద నడిచే ఎఫ్ షార్ప్. మన లెక్కలో నాలుగున్నర. పాడేవాళ్లకి వేరే శృతి కావాలంటే ఏం చేసేవాడు? పియానోకి ఉన్న లివర్ తిప్పేవాడు. లోపలి యంత్రం పక్కకి జరిగేది, ఆయన వేళ్లు మాత్రం అలవాటైన నల్లమెట్ల మీదే ఉండేవి. ఆ పియానోకి ‘బ్యూయిక్’ అని కారు పేరు పెట్టుకున్నాడు.

ఇది చదివి నవ్వుకున్నానుగానీ, మా ఊరి పద్యనాటకాల్లో హార్మోనిస్టు చేసిందీ అదేగా. మొదటి కృష్ణుడు ఐదు శృతి, రెండో కృష్ణుడు ఆరున్నర. పాత్రధారి మారగానే స్కేల్ ఛేంజర్ హార్మోనియం మెట్ల పలకని ఎత్తి, పక్కకి జరిపి, టక్కున దింపేవాడు. ఆ చప్పుడు విన్నామంటే కొత్త కృష్ణుడొస్తున్నాడని పిల్లలం ముందుకు జరిగేవాళ్లం.

పలక జరపడం కాదు, అసలు మెట్లే మార్చేద్దాం అన్నవాడు పాల్ ఫాన్ యాంకో. హంగరీవాడు. పియానో కళాకారుడూ, ఇంజనీరూ. మామూలు పియానో మీద ఒక్కో శృతికి ఒక్కో వేళ్ల కూర్పు నేర్వాలి. శంకరాభరణాన్ని సి నుంచి ఎత్తుకుంటే అన్నీ తెల్లమెట్లే. ఒక్క మెట్టు పైకి జరిగితే అయిదు నల్లమెట్లొచ్చి పడతాయి. రాగం అదే, చేతికి మాత్రం కొత్త పాఠం. యాంకోకి ఇది అన్యాయంగా తోచింది. 1882లో ఆయన వేసిన నమూనాలో మెట్లు ఆరు వరసలు. సరిగ ఒక వరసలో, మపదని పక్క వరసలో, పై సా మళ్లీ మొదటి వరసలో. ఎక్కణ్ణించి మొదలెట్టినా చేతి నడక అదే. పైగా స్థాయి ఇరుకవుతుంది కాబట్టి చిన్న చేతులకీ అందుతుంది. న్యూయార్క్‌లో డెకర్ బ్రదర్స్ ఇలాంటి పియానోలు చేశారు కూడా.

అయినా నిలవలేదు. పదేళ్లు చెమటోడ్చి పన్నెండు శృతులూ సాధించిన మాస్టారు, ఇక అవేం అక్కర్లేదంటే ఒప్పుకుంటాడా? యాంకో చివరికి ఇస్తాంబుల్‌లో పొగాకు సంస్థలో ఉద్యోగం చేసుకుంటూ 1919లో పోయాడు. నా మటుకు నాకు, కీబోర్డు చరిత్రలో ఇంతకంటే దిగులు గొలిపే పేజీ లేదు.

ఆ తర్వాతి శతాబ్దాన్ని ఒక్క గంతులో దాటేస్తాను. 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో వచ్చిన ఎంపీసీ60 అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద పదహారు ప్యాడ్లు, ముఖ్యంగా దరువు కోసం. 2013లో ఏబుల్‌టన్ పుష్ అనే పలక అరవై నాలుగు గళ్లతో వచ్చింది. అన్ని స్వరాలూ కనిపించే అమరికలో కుడిపక్క గడి ఒక మెట్టు ఎక్కువ, పై గడి ఐదు మెట్లు ఎక్కువ. అంటే సా మీదున్న గడి శుద్ధ మధ్యమం. సరిగ వాయిస్తే మపద సరిగ్గా వాటి నెత్తినే ఉంటాయి. శృతి మార్చాలంటే చెయ్యి జరిపితే చాలు. యాంకో చూసుంటే ఎగిరి గంతేసేవాడు.

ఇంకో సదుపాయం ఉంది, నాకు కిట్టనిది అదే. శృతీ స్కేలూ ఎంచుకుంటే బయటి స్వరాలన్నీ పలక మీంచి మాయమవుతాయి. సా గళ్లు మాత్రం వేరే రంగులో వెలుగుతాయి. ఇక తప్పు నొక్కుదామన్నా కుదరదు. హరికాంభోజి స్వరాలు పెట్టుకుని కాంభోజి వాయించబోయాను. ఆ రాగానికి వన్నె తెచ్చే అన్యస్వరం కాకలి నిషాదం కావలసి వచ్చింది. పలకంతా వెతికాను. ఎక్కడుంటుంది? అపస్వరంతో పాటు దాన్నీ ఊడ్చేశారు.

గమకం సంగతి కాస్త నయం. లిన్నే 2014లో తెచ్చిన లిన్‌స్ట్రుమెంట్ రెండువందల గళ్ల మీద వేలు జార్చితే స్వరమూ జారుతుంది. హార్మోనియం మెట్టు మీద ఇది కుదిరే పని కాదు.

నా పలకని మళ్లీ పన్నెండు స్వరాల అమరికకి మార్చాను. కాకలి నిషాదం సా గడికి ఎడమపక్కనే ఉంది. ఇప్పుడు తప్పులు కూడా ధారాళంగా వస్తున్నాయి.