బరకం

బరకం అనగా ధాన్యము మొదలైన సరుకులు వానకు తడవకుండా కప్పుటకు వాడే పెద్ద పట్టా. దీనిని టార్పాలిన్ అని కూడా అంటారు. కృష్ణా జిల్లా గన్నవరం ప్రాంతంలో సార్వా వరి కోతలు, బంగాళాఖాతంలో తుఫానులు దాదాపు ఒకే కాలంలో వస్తాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుఫాను అటువంటిదే. కళ్ళంలో ఉన్న పంటకు అప్పుడు బరకమే రక్ష.

ఎంపిక

బరకం మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చూసి పోల్చవచ్చు. ఎండకు పెళుసెక్కని రకము, గట్టి అతుకులు, అంచులలో తాడు కట్టుటకు లోహపు కన్నాలు ఉన్నది మేలు. కొలత రాశి అడుగు వెడల్పును బట్టి కాక, వాలును బట్టి తీసుకోవాలి. ఉదాహరణకు, 8 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గల రాశికి ఒక్కొక్క వాలు 5 అడుగులు. ఇరువైపులా నేలమీద 2 అడుగుల చొప్పున కలిపితే 14 అడుగుల వెడల్పు గల బరకం కావాలి.

వాడుక

రాశి చుట్టూ చిన్న కాలువ తీసి నీరు మళ్ళించాలి. వాన తెరిపి ఇవ్వగానే బరకం తీయాలి. లేనిచో లోపలి తేమకు ధాన్యం వేడెక్కి రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించరాదు.