ఖనిజం బండి చూపించిన లోయ

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కినవాళ్ళు బొడ్డవర దాటాక ఇక సీట్లలో కూర్చోరు. బండి కొండ ఎక్కుతూ ఉంటుంది, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలూ పెద్దలూ కలిసి కేకలు వేస్తారు, చీకటి వీడగానే ఏదో ఒక పక్క లోయ కనబడుతుంది. 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెను కూడా ఈ దారికే తగిలించారు. అందులో కూర్చున్నవారికి ఈ రైలు తమ కోసమే వేశారనిపిస్తే తప్పేమీ లేదు. కానీ ఈ లైను వేసినవాళ్ళ లెక్కల్లో ప్రయాణికుడు చాలా చిన్న పద్దు. అరకులో ఇవాళ మనం చూడబోయే వాటిలో చాలా భాగం ఎవరిదో వేరే అవసరానికి పుట్టినవే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ లోయ ఇప్పటికీ చూడాలనిపించేలా మిగిలిందంటే ఆ ఘనత పర్యాటకాన్ని పెంచుతామన్న పథకాలకు చెందదు. పర్యాటకానికి అడ్డమని అందరూ విసుక్కునే ఒక భూమి చట్టానికి చెందుతుంది. ఈ రెండో మాటను చాలామంది ఒప్పుకోరు, అందుకే కథను కాస్త వెనకనుంచి ఎత్తుకోవాలి.

ఊటీ, కొడైకెనాల్ వంటివి ఎండకు తాళలేని దొరలు కట్టుకున్న ఊళ్ళు. నీలగిరుల్లో జాన్ సల్లివన్ 1820లలోనే బంగళా కట్టి, చెరువు వేయించి, అక్కడి తోడా గిరిజనుల మేత భూములను కారుచవకగా తీసుకుని ఒక పట్నాన్ని లేపాడు. విశాఖకు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు మాత్రం అలాంటి వేసవి రాజధాని కాలేదు. మన్యం జ్వరం అందుకు ఒక కారణం. మైదానం నుంచి కొండెక్కిన గుమాస్తానూ, కాంట్రాక్టరునూ, దొరనూ అది ఒక్కలాగే పడగొట్టేది. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అన్న మాట మన ఉద్యోగుల ఇళ్ళలో ఆ తర్వాత కూడా చాలాకాలం వినబడింది. రెండో కారణం పాలన. కొండల్లో వరసగా లేచిన పితూరీలతో విసిగిన కంపెనీ ప్రభుత్వం 1839లో గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించింది. 1917లో ఇంకో చట్టం వచ్చింది: ఏజెంటు అనుమతి లేనిదే కొండవాడి భూమి మైదానం వాడి చేతికి పోకూడదు. ఈ చట్టాల వెనక దయ ఉందనుకుంటే పొరపాటు. భూమి పోగొట్టుకున్నవాడు తిరగబడితే అణచడానికయ్యే ఖర్చుకు భయపడి చేసినవి అవి. ఒక చేత్తో భూమిని కాపాడిన ఆ సర్కారే 1882 అటవీ చట్టంతో రెండో చేత్తో అడవిని లాక్కుంది, పోడు కొట్టుకోనివ్వలేదు, రోడ్ల పనికి వెట్టి చేయించింది. దాని ఫలితమే గూడెం, చింతపల్లి కొండల్లో 1922 నుంచి 1924 దాకా సాగిన అల్లూరి సీతారామరాజు పోరాటం. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అరకు ఇప్పుడు ఆ జిల్లాలోనే ఉంది.

ఇక లోయలోకి దిగితే మొదట తగిలేది పద్మాపురం ఉద్యానవనం. గులాబీలు, బొమ్మ రైలు, చెట్ల మీద గదులు చూసి ఇది విహారం కోసమే వేసిన తోట అనుకుంటాం. నిజానికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి దీన్ని మొదలుపెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే ఆ జపాన్ కోసమే ఇదే లోయలో కొండలు తొలిచారంటే చరిత్ర ఎంత చమత్కారంగా నడుస్తుందో చూడండి. యుద్ధం తర్వాత జపాన్ ఉక్కు కొలిమిలకు ఇనుప ఖనిజం కావాలి, మనకు విదేశీ మారకం కావాలి. 1960లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. బస్తరులోని బైలదిల్లా గుట్టల్లో తవ్విన ఖనిజం విశాఖ రేవుకు చేరాలంటే తూర్పు కనుమలను దాటక తప్పదు. అలా పుట్టింది కొత్తవలస–కిరండూల్ లైను. యాభైకి పైగా సొరంగాలు, లెక్కలేనన్ని వంతెనలు, శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరే బ్రాడ్‌గేజ్ పట్టాలు. 1960ల రెండో సగంలో గూడ్సు బళ్ళు కదిలాయి. ఖాళీ వాగన్లు కొండెక్కుతాయి, ఎర్రమట్టి రంగు ఖనిజంతో నిండినవి రేవుకు దిగుతాయి. ఎదురుగా వచ్చే గూడ్సు కోసం ప్రయాణికుల బండి ఏదో చిన్న స్టేషన్లో ఆగిపోయినప్పుడు విసుక్కోకండి. ఆ దారికి అసలు యజమాని ఎవరో అప్పుడే తెలుస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రైలు మోసుకెళ్ళింది సరే, అందం కొండలదే కదా, మంచు కురిసేది ఎవరి ఒప్పందం ప్రకారమూ కాదు కదా అని. నిజమే. అయితే తూర్పు కనుమల్లో అంత మంచూ అంత పచ్చదనమూ ఉన్న చోట్లు ఇంకా చాలా ఉన్నాయి. లంబసింగి, వంజంగి ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయి. వాటి పేర్లు మైదానంలో మారుమోగింది మాత్రం మొన్నమొన్న, చేతిలో కెమెరా ఫోను వచ్చాక. కొండ ఉన్నంత మాత్రాన అది చూడదగ్గ స్థలం అయిపోదు. దాన్ని చేరే దారి, ఉండే చోటు, చూడాలని చెప్పేవాడు కావాలి. పైగా అరకులో మనం ప్రకృతి అని మురిసేదాంట్లో మనుషులు నాటినది తక్కువేమీ కాదు. నవంబరు, డిసెంబరుల్లో పొలాలన్నీ పసుపుగా మారిపోతే ఫోటోల కోసం జనం ఎగబడే వలిసె పూలు గిరిజన రైతు నూనెగింజల పంట. ఆ మొక్క పుట్టిల్లు ఇథియోపియా. కాఫీ మొక్కదీ అదే పుట్టిల్లు. ఆ కాఫీకి నీడ పట్టే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. ఒక్క ఫోటోలో ఇన్ని ఖండాలున్నాయి, కింద శీర్షిక మాత్రం స్వచ్ఛమైన ప్రకృతి.

కాఫీ సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. 1898లో తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదలైన ఆ పంట అరకు, పాడేరు కొండలకు విస్తరించింది స్వాతంత్ర్యం వచ్చాకే. 1960లలో అటవీ శాఖ నాటించింది. ఆ తర్వాత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ గిరిజనుల చేత వాళ్ళ సొంత చెలకల్లోనే వేయించింది. అసలు ఉద్దేశం పోడు మాన్పించడం. కొండ కొట్టి, కాల్చి, చోళ్ళూ సామలూ చల్లుకునే మనిషికి ఏటా డబ్బు తెచ్చే చెట్టొకటి చేతికిస్తే అడవి నిలుస్తుందని అధికారుల లెక్క. ఆ లెక్క కొంతవరకు ఫలించింది, కాకపోతే అనుకున్న తోవలో కాదు. కాఫీకి నీడ కావాలి కాబట్టి రైతే చెట్టును కాపాడుకున్నాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ నీడచెట్లను కూల్చినప్పుడు, నీడ పోతే పంటకూ దెబ్బేనని తేలింది. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది పండించేది వేల ఎకరాల ఎస్టేటు దొరలు కారు, చిన్న కమతాల గిరిజన రైతులు. కూర్గు, చిక్కమగళూరు కాఫీ చరిత్రకూ దీనికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది. ఆ తేడా భూమి చట్టం వల్లే సాధ్యమైంది.

ఆ చట్టం ఎంత గట్టిదో తేలింది బొర్రా గుహల దగ్గర. ఈ గుహలను 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఒక దొర కనిపెట్టాడని చాలా పర్యాటక కరపత్రాల్లో చదువుతాం. ఆ సర్వే సంస్థ ఏర్పడింది 1851లో; పుట్టని సంస్థలో ఉద్యోగి ఎలా ఉన్నాడో రాసినవాళ్ళే చెప్పాలి. స్థానికులు చెప్పుకునే కథ వేరు. మేస్తున్న ఆవు కప్పులోని కన్నంలోంచి లోపలికి పడిపోయిందట, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందట, ఆ ఆవు పొదుగు నుంచే గోస్తని నది పారుతోందట. కథను నమ్మినా నమ్మకపోయినా, శివరాత్రికి అక్కడ పూజలు చేసేవాళ్ళకు గుహను ఎవరూ కొత్తగా కనిపెట్టి ఇవ్వనక్కర్లేదు. లోపల జరిగే పని చాలా నెమ్మది. మట్టిలోంచి దిగే వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. కప్పు దగ్గర బొట్టుగా నిలిచి, వాయువు వదిలేసి, పలచటి కాల్సైట్ పొరను విడిచిపెట్టి జారిపోతుంది. పైనుంచి వేలాడే ఊడలూ, కింద నుంచి లేచే దిమ్మెలూ ఇలా పొర మీద పొరగా పెరిగినవే. వాటిమీద రంగురంగుల దీపాలు వేసి ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ, ఇది ఋషి గడ్డం అని గైడు చూపిస్తాడు (ఆ దీపాలు లేకపోతే గుహ ఇంకా బాగుండేదని నా అభిప్రాయం). ఆ గుహ పైనుంచే ఖనిజం బండి పోతుంది.

గుహలో దేవుడి రూపమై నిలిచిన కాల్సైటుకూ బయటి మార్కెట్లో ధర ఉంది. బొర్రా, అనంతగిరి చుట్టుపక్కల గ్రామాల్లో కాల్సైటు, మైకా తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. వాదన సూటిగా ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి సవరణ, అంటే జనం నోట్లో నలిగిన 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు కదా, మరి ప్రభుత్వమే ఇస్తే? ప్రభుత్వానికి ఈ నిషేధం వర్తించదని అవతలివాళ్ళు వాదించారు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పులో, ప్రభుత్వం కూడా ఆ చట్టం కట్టడి చేసే వ్యక్తే అని తేల్చింది. లీజులు చెల్లలేదు. గిరిజన ప్రాంతాల పాలనకు సంబంధించిన రాజ్యాంగం ఐదో షెడ్యూలు మీద ఈ దేశంలో ఎక్కడ వాదన జరిగినా సమత తీర్పు ప్రస్తావన రాక మానదు. గుహ చూడ్డానికి బారులు తీరే లక్షలాది మందిలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎందరు? గుహ దగ్గర బోర్డు మీద తప్పుల తడక 1807 బదులు 1997 రాస్తే బాగుంటుంది.

ఈ చట్టం మీద రెండు ఫిర్యాదులున్నాయి, రెండూ కొట్టిపారేయదగ్గవి కావు. చట్టం ఉన్నా అరకులో బినామీ హోటళ్ళు లేవా అన్నది మొదటిది. గిరిజనుడి పేరున కాగితం, మైదానం వాడి పేరున గల్లాపెట్టె అన్న ఆరోపణ ఎప్పటినుంచో ఉంది. కానీ చట్టాన్ని దొంగచాటుగా దాటాల్సి వస్తోందంటేనే అది ఎంతో కొంత పనిచేస్తున్నట్టు. బినామీని పట్టుకోలేని యంత్రాంగానిది తప్పయితే చట్టాన్ని ఎత్తేయడం ఏ పద్ధతి? రెండో ఫిర్యాదు ఇంకా బలమైనది. అమ్ముకోలేని భూమి తాకట్టుకు పనికిరాదు, బ్యాంకు అప్పివ్వదు, పెట్టుబడి రాదు, గిరిజన యువకుడు సొంత నేల మీద నిలిచిన హోటల్లో గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోతాడు అంటారు. ఇందులో నిజం ఉంది. అయితే భూమి అమ్ముకునే స్వేచ్ఛ వచ్చినచోట కొండవాళ్ళు యజమానులయ్యారా అంటే ఊటీ చరిత్ర ఒక్కటి చాలు. అక్కడ తోడాలు ఇప్పుడు తమ కొండమీదే పర్యాటకులు చూసిపోయే వింతగా మిగిలారు. అరకులో కనీసం కాఫీ తోట రైతుదే. వలిసె చేలో ఫోటో దిగేవాళ్ళ దగ్గర తలకు ఇంతని వసూలు చేసేవాడు ఆ చేను దున్నినవాడే. అప్పు దొరకడమే సమస్య అయితే ఐటీడీఏ పూచీ మీదో, సహకార సంఘాల ద్వారానో ఇప్పించవచ్చు. కాఫీకి సంఘాలు పెట్టి ప్యారిస్ దాకా నడిపించినవాళ్ళకు పది గదుల బస నడపడం చేతకాదనడం వట్టి చిన్నచూపు.

2025 మొదట్లో, పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట విశాఖలో ఒక పెట్టుబడుల సదస్సు వేదిక మీద వినిపించింది. ఫిబ్రవరిలో మన్యమంతా బంద్ జరిగింది, పర్యాటకుల బళ్ళు కొండకింద ఆగిపోయాయి. చట్టాన్ని ముట్టుకోబోమని ప్రభుత్వం ప్రకటించింది.