మూడు స్క్రూలు, మూడున్నర శతాబ్దాలు

న్యూటన్ 1668లో చేసిన తొలి అద్దాల టెలిస్కోపు చేత్తో ఎత్తి పట్టుకోగలిగేంత చిన్నది. అడుగున అంగుళం పైచిలుకు వెడల్పున్న పుటాకార అద్దం, గొట్టం మూతి దగ్గర 45 డిగ్రీల వాలులో చిన్న చదునైన అద్దం, కన్ను పెట్టడానికి పక్కన ఓ రంధ్రం. ఇవాళ డాబా మీదికి మోసుకెళ్లే టెలిస్కోపులోనూ ఇదే అమరిక. పెద్ద అద్దం అక్షం చిన్న అద్దం మీదుగా మళ్లి ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యకు చేరాలి. అందుకు చేసే సర్దుబాటునే కొలిమేషన్ అంటారు. తొలి రెండు శతాబ్దాల్లో ఇది ఇప్పటంత తలనొప్పి కాలేదు. అంటే అప్పటివాళ్ల పనితనం గొప్పదని కాదు, వాళ్ల గొట్టాలు పొడుగు.

నాభ్యంతరాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. పరవలయ అద్దంలో సరిగ్గా మధ్యన పడ్డ నక్షత్రమే చుక్కలా ఉంటుంది. పక్కకు జరిగేకొద్దీ దానికి ఒకవైపు తోక సాగుతుంది. ఈ కోమా దోషం కనబడని వలయం వ్యాసం, ఎఫ్ సంఖ్య ఘనాన్ని 0.022తో గుణిస్తే వచ్చినన్ని మిల్లీమీటర్లని ఔత్సాహికుల లెక్క. 1721లో జాన్ హాడ్లీ రాయల్ సొసైటీకి చూపిన ఆరంగుళాల అద్దం దాదాపు ఎఫ్ 10. వలయం 22 మిల్లీమీటర్లు! అద్దం కాస్త ఒరిగినా గ్రహం ఆ వలయం దాటిపోదు.

విలియం హెర్షెల్ 1789లో పూర్తిచేసిన నలభై అడుగుల టెలిస్కోపులో ఏకంగా చిన్న అద్దాన్నే తీసేశాడు. 48 అంగుళాల పెద్ద అద్దాన్ని కొద్దిగా ఒరగబెట్టి, గొట్టం మూతి దగ్గర నిలబడి చూసేవాడు. ఒకరకంగా అమరికను కావాలనే చెడగొట్టాడు. రాగి, తగరం కలిపి పోతపోసిన అద్దాలు తమపై పడ్డ వెలుతురులో మూడో వంతుకు పైగా మింగేసేవి మరి. రెండో అద్దం పెడితే ఇంకో మూడో వంతు పోతుంది. పైగా ఆ లోహం నల్లబడినప్పుడల్లా అద్దాన్ని ఊడదీసి, మెరుగుపెట్టి, మళ్లీ బిగించాలి.

ఆ బాధ 1850ల చివర్లో తగ్గింది. పారిస్‌లో ఫూకో గాజుకు వెండిపూత వేసి అద్దాలు చేశాడు. కత్తి అంచును అడ్డుపెట్టి అద్దం ఆకారంలోని అతి స్వల్ప దోషాన్నీ పట్టే పరీక్ష కూడా ఆయనదే. గాజు తేలిక, పరీక్షకు సామగ్రి చవక. అద్దాలు చేయడం మామూలు ఇళ్లలోకి వచ్చే దారి అక్కడే తెరుచుకుంది.

1920లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రసెల్ పోర్టర్ స్థానికులకు అద్దాలు అరగదీయడం నేర్పాడు. 1925లో ఆల్బర్ట్ ఇంగాల్స్ వాళ్ల గురించి సైంటిఫిక్ అమెరికన్‌లో రాశాక ఆ పిచ్చి దేశమంతా అంటుకుంది. కొత్తవాళ్లకు ఆనవాయితీగా చెప్పేది ఆరంగుళాలు, ఎఫ్ 8. వలయం 11 మిల్లీమీటర్లు, ఇంకా వెసులుబాటు ఉన్నట్టే. ఈలోగా 1921లో ఇంగ్లండులో ఎఫ్. జె. చెషర్ తన పేరుతో నిలిచిపోయిన పరికరాన్ని వివరించాడు. లెన్సు లేని చిన్న గొట్టం, దాని పక్కన కిటికీ, లోపల ఏటవాలుగా మెరిసే పళ్లెం, పళ్లెం నడుమ చిల్లు. పెద్ద అద్దం నడిబొడ్డున కాగితపు రింగు అతికించి ఐపీస్ స్థానంలో దీన్ని పెడితే, వెలుగు వలయం, దాని మధ్యలో నల్ల చుక్క కనిపిస్తాయి. అద్దం వెనక మూడు స్క్రూలు తిప్పుతూ ఆ చుక్కను రింగులోకి తేవాలి. రింగు ఎలాగూ చిన్న అద్దం నీడలోనే ఉంటుంది కాబట్టి చూపుకు అడ్డు రాదు.

కథను అసలు మలుపు తిప్పినవాడు జాన్ డాబ్సన్. ఈయన రామకృష్ణ సంప్రదాయ సన్యాసి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆశ్రమంలో ఉంటూ ఓడ కిటికీ గాజుతో అద్దం చేశాడు. ఈ వ్యాపకం వల్లే 1967లో ఆశ్రమం వీడాల్సి వచ్చింది. కాంక్రీటు స్తంభాలకు వాడే అట్టగొట్టాలు, చెక్కపెట్టెలతో ఆయన పెద్ద టెలిస్కోపులను చవక చేశాడు. పెద్ద అద్దం కారులో పట్టాలంటే గొట్టం పొట్టిది కావాలి. ఎఫ్ 8 పోయి ఎఫ్ 5, 4.5 వచ్చాయి. వలయం 11 నుంచి మూడు, రెండు మిల్లీమీటర్లకు కుంచించుకుపోయింది. ఆపై ప్రతి ప్రయాణంలో కుదుపులు! మోసుకెళ్లే సుఖానికి మూల్యం ఈ సర్దుబాటే.

ఫిల్ము డబ్బా మూతకు చిల్లు పొడిచి పని కానిచ్చిన తరం తర్వాత ఐపీస్ స్థానంలో పెట్టే లేజర్లు వచ్చాయి. ఎర్రచుక్క వెళ్లిన చోటికే తిరిగొస్తే చాలని నమ్మినవాళ్లు చాలామంది. కానీ లేజరే తన గొట్టంలో వంకరగా కూర్చుంటే? నీల్స్ ఓలోఫ్ కార్లిన్ చూపిన ఉపాయం చక్కటిది. లేజర్ ముందు బార్లో లెన్సు పెడితే కిరణం విచ్చుకుని, పెద్ద అద్దం మీది రింగు నీడ వెనక్కి వచ్చి పడుతుంది. లేజర్ కాస్త వంకరగా ఉన్నా లెక్క తప్పదు.

ఇన్ని వచ్చినా ఆఖరి తీర్పు నక్షత్రానిదే. అద్దం చల్లబడ్డాక ఒక ప్రకాశవంతమైన చుక్కను ఐపీస్ మధ్యలో ఉంచి ఫోకస్ కొద్దిగా తప్పించండి. అది గారెలా కనిపిస్తుంది. చిల్లు నడిమధ్యన ఉంటే సరే, పక్కకు జరిగితే స్క్రూ తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తెచ్చుకున్నాకే చూడాలి. ఎఫ్ 6 డాబ్సోనియన్ (డాబ్సన్ తరహా టెలిస్కోపు) కొన్నవారు లేజర్ కోసం తొందరపడనక్కర్లేదు. ముందు ఓ చెషర్ కొనుక్కోండి.