ముసలితనానికి ఇల్లు: సాదలి వైపు నుంచి చూస్తే

2008లో విమానాశ్రయం వచ్చాక దేవనహళ్లి నుంచి నంది కొండ వరకు పొలాలు ఒక్కొక్కటే లేఔట్లయ్యాయి. వాటిలో కొన్ని అరవై దాటినవాళ్ల కోసమే కట్టినవి. కాలు జారని నేల, మెట్లకు బదులు ర్యాంపు, మంచం పక్కన గంట, వంట చేసుకోనక్కర్లేని భోజనశాల అక్కడ ఉంటాయి; పిలిస్తే నర్సు వస్తారు. అక్కడికి ఎంతో దూరం లేని శిడ్లఘట్ట తాలూకా సాదలిలోనూ, చింతామణి, బాగేపల్లి పల్లెల్లోనూ ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం మాట్లాడే కుటుంబాలకు ఈ ఇళ్ల సంగతి ఇప్పుడు పరాయి విషయం కాదు, పిల్లలు బెంగళూరు చేరారు కాబట్టి. ఇది మన సంప్రదాయం కాదని కొందరంటారు. కాలం మారింది, తప్పదని ఇంకొందరంటారు. ఒకప్పుడు పెద్దలందరూ కన్నబిడ్డల మధ్యే హాయిగా కాలం వెళ్లబుచ్చారని ఇద్దరూ నమ్ముతున్నారు. ఈ ప్రాంతపు చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలవదు. పెద్దవాళ్ల గౌరవం వాళ్లు ఏ కప్పు కింద పడుకున్నారన్న దాన్ని బట్టి రాలేదు. చేతిలో ఏ పని ఉంది, ఎవరి పేర ఏముంది, గడప ముందు ఎవరెవరు తిరుగుతున్నారు అన్న వాటిని బట్టి వచ్చింది. కొత్త ఇళ్లనూ ఆ కొలతతోనే తూచాలి.

ఉమ్మడి కుటుంబం సంగతి ముందు చూద్దాం. 1951లో దేశమంతటా అరవై దాటినవాళ్లు సుమారు 2 కోట్లు, నూటికి ఐదారుగురు. 2011 జనగణన నాటికి 10 కోట్ల 38 లక్షలయ్యారు. కర్ణాటకలో నూటికి తొమ్మిదిన్నర మంది. అంటే ఇరవై ఏళ్ల ముసలితనాన్ని, పక్షవాతాన్ని, మతిమరుపును మోయాల్సిన అవసరం పాత ఇంటికి ఇప్పటంతగా రాలేదు. ఇక ఆ ఇంట్లో ముసలివాళ్లకు దక్కిన విలువ ఎక్కడిదో తెలియాలంటే ఇక్కడి పట్టు పరిశ్రమను చూడాలి. టిప్పు సుల్తాను కాలంలో మైసూరు సీమకు వచ్చిన పట్టుపురుగు శిడ్లఘట్టను పెద్ద పట్టుగూళ్ల మార్కెట్టుగా చేసింది. గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా పురుగుకు సుమారు 25 రోజులు పడుతుంది. అన్ని రోజులూ, రాత్రి కూడా, వేళకు ఆకు వేయాలి. చిన్న పురుగులకు లేతాకు సన్నగా తరగాలి. చీమ, బల్లి రాకుండా కాపు కాయాలి. ఒంట్లో వెలుగు కనబడే పండు పురుగును గుర్తుపట్టి, గూడు కట్టే తట్ట అయిన చంద్రిక మీదికి చేర్చాలి. ఇదంతా నడుములో బలం తగ్గినా కంట్లో అనుభవం ఉన్నవాళ్లు చేయగల పని. పురుగులు పెంచేది చాలాచోట్ల మనుషులున్న ఇంట్లోనే కాబట్టి ముసలివాళ్లు ఆ పని మధ్యనే ఉండేవాళ్లు. దానికి తోడు పహణిలో, అంటే భూమి రికార్డులో, పేరు పెద్దాయనదే. ప్రేమ లేదని అనడం లేదు. ఆ ప్రేమకు పనీ భూమీ దన్నుగా ఉన్నాయంటున్నాను. పహణిలో పేరు లేని విధవరాలికి అదే ఇంట్లో అదే మర్యాద దక్కిందా? ఒక్కోచోట దక్కింది, చాలాచోట్ల లేదు. మంచాన పడ్డవాళ్లకు సేవ చేసింది కూడా కొడుకు కాదు, కోడలు. ఉమ్మడి కుటుంబాన్ని పొగిడే వ్యాసాల్లో ఆమె చాకిరీ లెక్కకు రాదు.

ఇల్లు విడిచి బతికిన పెద్దలూ ఈ నేలకు కొత్త కాదు. గాజులమ్ముకునే వృత్తి వదిలి కైవారంలో తపస్సుకు కూర్చున్న యోగి నారేయణుడు వృద్ధాప్యమంతా జనం మధ్యే ఉండి, తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. బాగేపల్లి దాటితే వచ్చే పుట్టపర్తిలో 1950లో ప్రశాంతి నిలయం మొదలయ్యాక ఉద్యోగాలు ముగించుకున్న ఎందరో అక్కడికి చేరి, సేవే దినచర్యగా స్థిరపడ్డారు. అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసేది గౌరీబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య గారి జీవితం. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పనిచేసిన ఆ బ్రహ్మచారి దశాబ్దాల పాటు బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలోనే, విద్యార్థుల మధ్య బతికారు. 2005లో కన్నుమూసేదాకా ఆయన చుట్టూ ఇరవై ఏళ్లవాళ్లే.

యోగులకూ విద్యావేత్తలకూ చెల్లింది మామూలు రైతుకు ఎలా చెల్లుతుందని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే అనామకుల కోసం కూడా ఇల్లు ఉండేది. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సన్యాసినులు 1900లోనే బెంగళూరులో వృద్ధుల ఆశ్రమం తెరిచారు. దిక్కులేని బీదలే అక్కడి నివాసులు, ఊరిచ్చిన విరాళాలే ఆధారం. దేవనహళ్లి వైపు లేఔట్లలోని ఈనాటి విల్లాలు ఆ వంశానివి కావు. వాటి మూలం అమెరికాలో, అరిజోనా ఎడారిలో 1960 జనవరి 1న తెరిచిన సన్ సిటీలో ఉంది. డబ్బున్న విశ్రాంత జీవులు ఒకచోట, ఆటపాటలతో, పిల్లల కాపురాలకు చోటివ్వకుండా బతకాలన్నది దాని పద్ధతి. మన యోగులూ విద్యావేత్తా ఎంచుకున్న చోట్లు వయసులను కలిపితే ఇది విడదీసింది.

ఆ విడదీయడమే నా ప్రధాన అభ్యంతరం. మిగతా సౌకర్యాలను తేలిగ్గా కొట్టిపారేయను. రాత్రి గుండె నొప్పి వస్తే సాదలి నుంచి పెద్దాసుపత్రికి చేరే లోపు ఏమైనా కావచ్చు. గంట నొక్కితే మనిషి వచ్చే చోటు ప్రాణం నిలబెడుతుంది. డెబ్బై ఏళ్ల వయసులోనూ పొయ్యి ముందు నుంచి లేవలేని ఆడమనిషికి భోజనశాల అంటే జీవితంలో మొదటి సెలవు. తోటివాళ్లతోనే ఉంటే వచ్చే నష్టమేమిటని అడిగేవాళ్లకూ పాయింటు ఉంది: ఒకే ఈడువాళ్ల మధ్య సిగ్గు, మొహమాటం తగ్గుతాయి. కానీ చేయాల్సిన పని, అడిగే మనవడు లేని చోట మనిషి కేవలం కస్టమరవుతాడు. నెలనెలా పెరిగే ఖర్చులకు కూడబెట్టిన సొమ్ము సరిపోకపోతే ఆ హోదా కూడా నిలవదు. 2019లో కేంద్ర గృహ నిర్మాణ శాఖ ఇలాంటి ఇళ్లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని రాష్ట్రాలు నియమాలుగా మార్చుకుంటేనే బలం.

ఇదంతా కొనగలిగినవాళ్ల గొడవ. కొనలేనివాళ్లకు చట్టమే దిక్కు. ఈ ప్రాంతం కోలారు నుంచి చిక్కబళ్లాపురం జిల్లాగా విడిపోయిన 2007లోనే తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడని సంతానం నుంచి దాన్ని వెనక్కి తీసుకునే వీలు దాని 23వ సెక్షను ఇచ్చింది. పహణికీ మర్యాదకూ ఉన్న ముడిని పార్లమెంటే ఒప్పుకున్నట్టయింది. 19వ సెక్షను జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా నిరుపేద వృద్ధులు ఉండగల ఆశ్రమాలు పెట్టవచ్చని చెప్పింది. పెట్టి తీరాలని చెప్పలేదు. ఆ మాట మారాలి, ఆ లెక్కా మారాలి. సాదలి రైతును జిల్లా కేంద్రంలో 149 మంది అపరిచితుల మధ్య కూర్చోబెడితే విల్లాల్లో ఉన్న లోపమే, సౌకర్యాలు లేకుండా, అతనికి దక్కుతుంది. హోబళికి, అంటే తాలూకాలోని కొన్ని ఊళ్ల గుంపుకు, ఒకటి, ఇరవై ముప్పై మందికి సరిపడేది, బడి పక్కనో హాస్టల్ పక్కనో ఉంటే పిల్లలూ వస్తారు, తెలుగులో మాటా నడుస్తుంది, ఓపికున్నవాళ్లు పొరుగు పట్టుపురుగుల షెడ్డుకెళ్లి పండు పురుగును ఏరగలుగుతారు. చిన్నవాటికి ఖర్చెక్కువని అధికారులంటారు. భవనం ఖర్చు నిజమే. కానీ వంటకు మధ్యాహ్న భోజనం చేసే బడి వంటశాల, వైద్యానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్నచోట ప్రతిదీ కొత్తగా కట్టనవసరం లేదు.