హాజరుపట్టీలో విశాఖ

విశాఖకు రేవు వచ్చింది కొండల పుణ్యమే. దక్షిణాన యారాడ కొండ అలలకూ గాలికీ అడ్డుగా నిలబడింది కాబట్టే ఇక్కడ లోపలి రేవు తవ్వారు. 1931లో రాయపూర్ నుంచి రైలుమార్గం పూర్తయింది, 1933లో రేవు తెరుచుకుంది. మధ్యపరగణాల మాంగనీసు ఆ దారినే వచ్చి ఓడలెక్కింది. 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది. 1957లో చమురు రిఫైనరీ, 1967లో ఎరువుల ఫ్యాక్టరీ, 1977లో మింది దగ్గర జింకు కర్మాగారం వచ్చాయి. అన్నీ యారాడ కొండకూ సింహాచలం కొండలకూ నడుమనున్న పల్లంలోనే.

ఓడలకు కాపు కాసిన కొండలే పొగకు గోడలయ్యాయి. చలికాలం రాత్రిళ్ళు నేల తొందరగా చల్లబడుతుంది, పైనున్న వెచ్చని గాలి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కేదాకా కింది పొగకు దారి దొరకదు.

నేను ఆ పల్లంలోని మల్కాపురం వైపు చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించినవాణ్ణి. పొద్దున్నే బల్లలు తుడిస్తే గుడ్డ నల్లబడేది. డిసెంబరు, జనవరి వచ్చాయంటే హాజరుపట్టీలో ఖాళీలు పెరిగేవి. ‘రాత్రల్లా ఆయాసమే మాస్టారూ, గుంటడికి నిద్ర నేదు’ అని తల్లులు చెప్పేవారు. ‘జలుబు’ అని రాసుకుని పాఠంలోకి వెళ్ళిపోయేవాళ్ళం. పిల్లలు తమ బరువుకు తగ్గ లెక్కలో పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ళ గాలిగొట్టాలు సన్నం, కాస్త వాచినా ఊపిరికి దారి ఇరుకవుతుంది. పైగా అది ఊపిరితిత్తులు ఎదిగే వయసు.

ఏ పొగగొట్టం వల్ల ఏ పిల్లాడు దగ్గాడో తేల్చలేమంటారు. ఒక్కొక్కరి సంగతి తేలకపోవచ్చు గానీ, ఊరి సంగతి తేలుతుంది. అమెరికాలో యూటా లోయ కూడా కొండల నడుమ పల్లమే. అక్కడి ఉక్కు కర్మాగారం కార్మిక వివాదం వల్ల 1986 ఆగస్టు నుంచి సుమారు 13 నెలలు మూతపడింది. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఆసుపత్రుల చేరికల లెక్కను, గాలిలోని ధూళి లెక్కను పక్కపక్కన పెట్టి చూశాడు. మిల్లు నడిచిన చలికాలాల్లో శ్వాస జబ్బులతో ఆసుపత్రిలో చేరిన పిల్లలు, మూసిన చలికాలంకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువని 1989లో ప్రచురించాడు.

ఇక్కడికొస్తే, 2009లో మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్యం కింద లెక్క. విశాఖ దాటింది. మరుసటి ఏడు కొత్త పరిశ్రమల అనుమతులకు కొంతకాలం బ్రేకు పడింది. ఆ మార్కుల పట్టికలో గాలి ఉంది, నీరు ఉంది, నేల ఉంది. మా మూడో తరగతి హాజరు మాత్రం లేదు.

రేవులో ఏటా ఎన్ని టన్నుల సరుకు దిగిందో పేపర్లో చదువుతాం. బడి హాజరుపట్టీ, ఆసుపత్రి రిజిస్టరు, గాలి కొలతలు విడివిడిగా మూడు ఆఫీసుల్లో ఉంటాయి. మూడింటినీ ఒక బల్ల మీదకి చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఓపికున్న గుమస్తా ఒకడు, ఒక వేసవి సెలవు చాలు.