దుర్గాబాయి దేశ్‌ముఖ్: చదువు, ప్రసవము, న్యాయము

తెలుగునాట ఆడపడుచు తొలికాన్పునకు పుట్టింటికి పోవుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. నెలలు నిండక మునుపే తల్లిదండ్రులు వచ్చి, చీరె సారెలతో ముచ్చట తీర్చి, కూతురిని వెంటబెట్టుకొని పోవుదురు. ఈ ఆచారమునందు వాత్సల్యముతోపాటు భయము కూడ దాగియున్నది. కాన్పు స్త్రీకి మరుజన్మ యని పెద్దలు ఊరక అనలేదు. ఆ గడియలో కన్నతల్లి చెంతనుండిన చాలునని కూతురి ఆశ. కంటి ముందుండిన చాలునని తల్లి ఆశ.

పోర్టు బ్లెయిరునకు, అనగా 2024వ సంవత్సరమున శ్రీ విజయపురమని పేరు మారిన పట్టణమునకు, చేరువనున్న బ్రూక్షాబాద్ వంటి చోట కాపురముండు తెలుగు ఇల్లాలికి పుట్టిల్లు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రమునకు ఆవలనున్నది. ఓడపై ప్రయాణము రోజుల పని. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. ఇంతమంది ఆడపడుచులకు పుట్టింటి నీడ దూరమైనపుడు, ఆ నీడను సమాజమే ఈయవలసియున్నది. ఆసుపత్రి, చదువు, చట్టము, ఈ మూడును చేరియే ఆ నీడ అగును. వేరువేరుగా కనబడు ఈ మూడును నిజమునకు ఒక్కటేయని గ్రహించి, ఆ గ్రహింపును సంస్థలుగా మలచిన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె చరిత్ర స్త్రీల ఆరోగ్య, రక్షణ, సమానత్వముల చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయము.

ఆనాటి పరిస్థితి

స్వాతంత్ర్యమునకు ముందు మన దేశమున ప్రసవమెంత ప్రమాదకరముగ నుండెనో తెలియవలెనన్న 1946వ సంవత్సరమున వెలువడిన భోర్ సంఘము నివేదికను చూడవలెను. వేయి ప్రసవములకు సుమారు ఇరువదిమంది తల్లులు మరణించుచుండిరనియు, సాలునకు రెండు లక్షలమంది తల్లులు ఈ విధముగ పోవుచుండిరనియు ఆ సంఘము అంచనా వేసెను. శిక్షణ పొందిన మంత్రసాని అరువదివేల జనమునకు ఒక్కతె మాత్రమే యుండెను. పల్లెలలో పురుడు పోయుట అనుభవముగల ముసలమ్మల చేతిపని. వారిలో నేర్పరులు లేకపోలేదు. కాని కడుగని చేయి, కాచని కత్తి తెచ్చు కీడు వారికి తెలియదు. రక్తస్రావము, సూతికాజ్వరము, ధనుర్వాతము తల్లినో, బిడ్డనో, ఒక్కొక్కచో ఇరువురినో తీసికొనిపోవుచుండెను. వైద్యుడు చేతులు కడుగుకొనినంతమాత్రమున సూతికాజ్వరము తగ్గునని వియన్నా నగరమున సెమ్మెల్వైస్ 1847లోనే చూపెను. ఆ చిన్న సత్యము మన పల్లెలోని పురిటిగది గడప దాటుటకు నూరేండ్లు చాలలేదు.

సత్యము లేకపోవుట దీనికి కారణము కాదు. దానిని చదివి తెలిసికొని ఆ గదిలోనికి తీసికొనిపోగల స్త్రీలు లేకపోవుటయే కారణము. చదువునకును ప్రాణమునకును గల ఈ సంబంధమును దుర్గాబాయి పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. జీవితమున చూచి నేర్చుకొనెను.

బాల్యము, జాతీయోద్యమము

ఆమె 1909వ సంవత్సరము జులై 15న రాజమహేంద్రవరమున జన్మించెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11న ప్రథమ వితంతు వివాహము జరిపించిన ఊరు అది. అయినను ఆ ఊరిలోనే, ఆ మార్పు జరిగిన సుమారు మూడు దశాబ్దముల పిమ్మట పుట్టిన ఈ బాలికకు ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను. యుక్తవయస్సు వచ్చి వివాహమన నేమో తెలిసిన తరువాత ఆమె ఆ బంధమునుండి తొలగి, తన భర్తను వేరొక వివాహము చేసికొమ్మని స్వయముగా కోరెను. సంస్కర్తల ఉపన్యాసములు వెలసిన ఊరిలోనే బాల్యవివాహము సాగుట, ఆ బాలికయే పెరిగి దానిని కాదనుట, ఈ రెండును ఆ కాలపు చరిత్రలో ప్రక్కప్రక్కన నిలిచియున్నవి.

1921వ సంవత్సరమున గాంధీజీ కాకినాడకు వచ్చినపుడు ఆమెకు పండ్రెండేండ్లయిన నిండలేదు. అప్పటి దేవదాసీలును, ఘోషా పాటించు ముస్లిం స్త్రీలును గాంధీజీ మాటలు వినవలెనని ఆమె పట్టుపట్టెను. పెద్దలు అడిగిన అయిదువేల రూపాయల నిధిని ఆ స్త్రీల సహాయముతోనే కూడబెట్టి సభ జరిపించెను. గాంధీజీ హిందీ ఉపన్యాసమును ఆ పసిపిల్లయే తెలుగున చెప్పెను. సంఘము వెలివేసిన స్త్రీలను సభకు పిలుచుట ఆమె మొదటి పని యగుట గమనింపదగినది. ఆ సంప్రదాయమును చట్టముతో నిషేధించుటకు మద్రాసు రాష్ట్రమున డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి సాగించిన కృషి 1947లో గాని పూర్తిగ ఫలింపలేదు.

1923వ సంవత్సరమున కాకినాడ కాంగ్రెసు మహాసభకు అనుబంధముగ జరిగిన ఖాదీ ప్రదర్శనలో ఆమె స్వచ్ఛందసేవిక. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆజ్ఞ. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె ద్వారమువద్దనే ఆపెను. నిర్వాహకులు కోపగించుకొనిరి, నెహ్రూ మాత్రము ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. నియమము గొప్పవారికిని, సామాన్యులకును ఒక్కటేయను పట్టుదల ఆమెలో నాడే కనిపించెను.

కారాగారము నేర్పిన పాఠము

1930వ సంవత్సరమున మద్రాసులో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె జైలుకు పోయెను. 1933 లోపల మూడుమార్లు శిక్ష అనుభవించెను. వేలూరు జైలులోను, మధుర జైలులోను ఆమె కాలము గడపెను. మధురలో ఏకాంతవాసపు శిక్షయు తప్పలేదు. అయితే ఆమె మనస్సును కలచివేసినది తన కష్టము కాదు. ఆ జైళ్ళలో సాధారణ నేరములకు శిక్షపడిన స్త్రీలుండిరి. చదువు రాక, చట్టము తెలియక, తమ తరఫున మాటలాడు దిక్కు లేక, చేయని నేరమును ఒప్పుకొని యేండ్లతరబడి శిక్ష అనుభవించుచున్నవారిని ఆమె చూచెను. తమ్ము దోషులుగా నిలిపిన కాగితమునందు ఏమున్నదో కూడ వారెరుగరు.

ఆమె నిశ్చయము అప్పుడు స్థిరపడెను. స్త్రీకి న్యాయము కావలెనన్న ముందు న్యాయశాస్త్రము తాను చదువవలెను. న్యాయశాస్త్రము చదువుటకు ముందు మెట్రిక్యులేషన్ కావలెను. చిన్ననాటనే ఆంగ్ల పాఠశాలను విడిచిన ఆమె, ఇరువది యేండ్లు దాటిన తరువాత అక్షరమాలనుండి ఆంగ్లమును సాధనచేసి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. పిమ్మట వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదువబూనగా, స్త్రీలకు వసతిగృహము లేదన్న ఆటంకము వచ్చెను. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వసతి లేనందువలన చదువు మానుకొనుచున్న బాలికలెవరని ఆమె పత్రికలో ప్రకటన వేసి, వచ్చిన వారిని కూడగట్టి వసతిగృహము ఏర్పడునట్లు చేసెను. 1939లో ఆనర్సు పట్టమును, 1942లో మద్రాసున న్యాయవాద వృత్తిలో ప్రవేశమును పొందెను.

ఆంధ్ర మహిళాసభ

ఈ చదువులు సాగుచుండగనే, 1937వ సంవత్సరమున మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళాసభ వెలసెను. బాల్యవితంతువులు, భర్తలు విడిచినవారు, పదిమందిలో తలయెత్తుటకు జంకువారు అక్కడికి వచ్చిరి. చిన్నప్పుడు బడి మానిన స్త్రీకి పది సంవత్సరముల చదువును రెండేండ్లలో చెప్పి మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరచు పద్ధతి అచ్చట సాగెను. వయస్సు మళ్ళిన విద్యార్థినిని చిన్నపిల్లల తరగతిలో కూర్చుండబెట్టిన సిగ్గుచేత ఆమె పారిపోవును. ఆమెకు తగిన పాఠక్రమము ఆమెకు వేరుగా ఉండవలెనని దుర్గాబాయి తన అనుభవమునుండియే గ్రహించెను. ఈ విధానమునే తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958 నుండి వయోజన స్త్రీల సంక్షిప్త విద్యాక్రమముగ దేశమంతట వ్యాపింపజేసెను.

చదివిన స్త్రీ ఏమి చేయవలెను? మహిళాసభ దీనికి తన ఆవరణలోనే సమాధానము చూపెను. ప్రసూతి వైద్యాలయము, నర్సుల శిక్షణ, ఉపాధ్యాయినుల శిక్షణ, చేతిపనులు క్రమముగ చేరెను. పోలియో సోకిన పిల్లలకు చికిత్సాకేంద్రమును ఏర్పడెను. నిన్న పుట్టింటికి భారమనిపించుకొనిన స్త్రీ, నేడు నర్సుగ మరియొక స్త్రీకి పురుడు పోయగలిగెను. ఒకరి జీవనాధారము వేరొకరి ప్రాణరక్షణ యగుట ఈ సంస్థ సాధించిన గొప్ప యుక్తి.

రాజ్యాంగము, ప్రణాళిక, పల్లె

రాజ్యాంగ పరిషత్తునందు స్థానము పొందిన పదునైదుగురు స్త్రీలలో ఆమె ఒకరు. సభాధ్యక్షుల పట్టికలో చోటు దక్కిన ఏకైక మహిళయు ఆమెయే. రాజ్యసభ సభ్యత్వమునకు ముప్పదియైదేండ్ల నిబంధనను ముప్పదికి తగ్గించిన సవరణ ఆమెది. లింగభేదమును నిషేధించు 15వ అధికరణమునందే స్త్రీలకును, పిల్లలకును ప్రత్యేక సౌకర్యములు కల్పింపవచ్చునన్న ఖండము కూడ కలదు. సమానత్వమనగా అందరికి ఒకే కొలతయనియే కాక, వెనుకబడినవారికి చేయూతయని రాజ్యాంగము చెప్పినట్లయినది.

1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యెను. మరుసటి సంవత్సరము జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌తో ఆమెకు నిరాడంబరముగ వివాహము జరిగెను. అదే 1953 ఆగష్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా ఆమె ప్రథమాధ్యక్షురాలయ్యెను. మరుసటి యేటినుండి సంక్షేమ విస్తరణ పథకములు పల్లెలకు పోయెను. ఇరువదియైదు గ్రామముల చొప్పున ఒక పథకము. దానియందు బాలవాడి, స్త్రీల వయోజన విద్య, చేతిపని, శిక్షణ పొందిన మంత్రసాని, గ్రామసేవిక. ఇది మైలాపూరు సభను పల్లెకు తీసికొనిపోవుటయే. 1958-59లో స్త్రీవిద్యపై జాతీయసంఘమునకు అధ్యక్షత వహించి, స్త్రీవిద్యను ప్రత్యేక సమస్యగ పరిగణించి దానికై ప్రత్యేక యంత్రాంగము నెలకొల్పవలెనని ఆమె సూచించెను.

చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానములను చూచి వచ్చిన ఆమె, భార్యాభర్తల తగవులు సామాన్య కచేరీల జాప్యములో నలుగరాదని నెహ్రూతోను, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కరులతోను చర్చించెను. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చెను. దానిని చూచుటకు ఆమె లేదు. 1975లో పద్మవిభూషణ బిరుదమునందిన దుర్గాబాయి 1981లో కీర్తిశేషురాలయ్యెను. జైలులోని నిరక్షరాస్య స్త్రీలను చూచిన నాటినుండి ఆ చట్టము వచ్చువరకు సుమారు అర్ధశతాబ్దము గడచినది.

అక్షరము తెచ్చిన ధైర్యము

ఆమె తలంపు వృథాపోలేదనుటకు ఆమె తరువాతి కాలమున తెలుగునాటనే ఒక నిదర్శనము కలదు. నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతమున ‘అక్షరదీపము’ అను వయోజన విద్యోద్యమము సాగెను. రాత్రిబడిలో చదివిన పాఠమున సారాయి వలన చెడిన కుటుంబపు కథ కలదు. దూబగుంట గ్రామ స్త్రీలు ఆ పాఠమును చదివి ఊరకుండలేదు. పగలంతయు కష్టించి తెచ్చిన కూలి సారా అంగడికి పోవుటయు, రాత్రి దెబ్బలు తినుటయు తమ కథయే యని గ్రహించిరి. వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నడువగా, ఊరిలో సారా అంగడి మూతపడెను. ఉద్యమము ఊరూర ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని సడలించిరి. కాని ఇంటిలోని హింసను ఊరిలో చర్చింపవచ్చునని, వ్రేలిముద్ర వేయువారు సంతకముతోపాటు ధైర్యమును నేర్వగలరని ఆ ఉద్యమము చాటెను.

ఆస్తిహక్కునందును తెలుగునేల ముందు నడచెను. 1956 హిందూ వారసత్వ చట్టము మిగిల్చిన లోటును తీర్చి, ఆంధ్రప్రదేశ్ 1985 నుండి కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన భాగమిచ్చెను. దేశమంతటికిని అట్టి హక్కు 2005లో వచ్చెను.

ప్రసవమరణముల లెక్కను మరల చూతము. 1946లో వేయికి ఇరువదియన్న, లక్షకు రెండువేలు. 2018-20 లెక్కల ప్రకారము లక్ష ప్రసవములకు తల్లుల మరణములు దేశమున 97, ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. ఈ తగ్గుదల ఏ ఒక్కరి ఘనతయు కాదు. మందులు, రక్తనిధులు, ఆసుపత్రులు, రోడ్లు దీనికి తోడ్పడినవి. కాని ఆసుపత్రికి పోవలెనని తెలిసిన తల్లియు, ఆమెకు సేవచేయు నర్సును లేనిచో అవి యన్నియు నిరుపయోగములు.

దీవులలోని తెలుగు కుటుంబములు

1858 నుండి ఈ దీవులకు ఖైదీల వలస సాగెను. ఒకప్పుడు పురుషులే మిక్కిలిగనుండి, సంసారములు అరుదైన చోటు ఇది. 2011లో సయితము ఇచ్చట వేయిమంది పురుషులకు 876 మంది స్త్రీలే యుండిరి. అయినను అదే జనాభా లెక్కలలో ఈ దీవుల స్త్రీల అక్షరాస్యత నూటికి 82 దాటగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అది 59 మాత్రమే. ఒకనాడు శిక్షాస్థలముగ నుండిన నేల, స్త్రీల చదువున మాతృరాష్ట్రమును మించినది. ఇది గర్వింపదగిన విషయము; దానితోపాటు బాధ్యతయు కలదు.

చదివిన స్త్రీలుండిన చోట, కొత్తగా ఓడ దిగిన గర్భిణికి తోడుపోవుట, భాష తెలియక ఆసుపత్రిలో జంకు ఇల్లాలి మాటను వైద్యునికి చెప్పుట, ఇంట హింసకు లోనైన యువతి ‘పుట్టింటికి చెప్పుకొందునన్న సముద్రము అడ్డమాయెనే’ యని కుమిలిపోకుండ చట్టము మార్గము చూపుట, కష్టసాధ్యములు కావు. సాంస్కృతిక సంఘములు ఉగాదిని, సంక్రాంతిని జరుపుకొనుటతోపాటు ఈ పనిని చేపట్టిన, అది దుర్గాబాయికి అర్పింపగల ఉత్తమమైన నివాళి. ఆమె మైలాపూరులో ఆరంభించినది మహాసంస్థ కాదు. చదువుకొనగోరు కొద్దిమంది స్త్రీలును, వారికి చదువు చెప్పు ఒక స్త్రీయును మాత్రమే.